ఆకు రాల్చని చెట్టు

పిల్లలూ, ఈ నెల ఒక పొడుపుకథతో మొదలుపెడతాను. ఇది నేను అల్లినది కాదు. సుమారు 1400 ఏళ్ల క్రితం అరేబియాలోని మదీనా పట్టణంలో మహమ్మదు ప్రవక్త తన చుట్టూ కూర్చున్నవారిని అడిగినది. చెట్లలో ఆకు రాల్చని చెట్టు ఒకటి ఉన్నదనీ, మంచి ముస్లిముకు ఆ చెట్టుతో పోలిక ఉన్నదనీ, అది ఏ చెట్టో చెప్పమనీ ఆయన అడిగారు.

సభలో పెద్ద పెద్దవారున్నారు. అందరూ ఎడారిలో పెరిగే చెట్లను ఒక్కొక్కటిగా తలుచుకొన్నారు. ఎవరికీ జవాబు అందలేదు. ఆ సభలో అందరికన్నా చిన్నవాడు అబ్దుల్లా. ఉమరు గారి కుమారుడు. అతనికి జవాబు తట్టింది. కాని ఇంతమంది పెద్దలు ఊరుకొని ఉండగా తాను నోరు విప్పడమా అని సిగ్గుపడి మాట్లాడలేదు. చివరకు ప్రవక్తగారే చెప్పారు: అది ఖర్జూరపు చెట్టు. ఇంటికి పోయేటప్పుడు అబ్దుల్లా తండ్రితో, జవాబు నాకు తెలుసు నాన్నా, అని సంగతంతా చెప్పాడు. నువ్వు అప్పుడే చెప్పి ఉంటే నాకు ఎంతో సంతోషంగా ఉండేది గదా, అన్నారు ఉమరు.

నేను బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ ప్రతి తరగతిలోనూ ఇలాంటి అబ్దుల్లా ఒకడు కనిపించాడు. సాధారణంగా కిటికీ పక్కన కూర్చుంటాడు. జవాబు తెలిసినట్టు వాడి కళ్లే చెబుతాయి, చెయ్యి మాత్రం లేవదు. ఈ పుట తల్లిదండ్రులు కూడా చదువుతారని ఎరుగుదును. ఉమరు గారు కొడుకును కోప్పడలేదన్న సంగతి వారికోసం చెప్పాను.

ఇక చెట్టు సంగతికి వద్దాం. ఖర్జూరం ఆకు రాల్చదన్నది పోలికకోసం చెప్పిన మాట మాత్రమే కాదు, నిజం. వేపచెట్టుకూ రావిచెట్టుకూ ఆకు పండితే, కాడ మొదట సన్నని పొర ఒకటి ఏర్పడి, ఆకు తనంతట తాను తెగి పడుతుంది. ఖర్జూరానికి అలాంటి పొర లేదు. ఆకు కొన్నేళ్లు పచ్చగా ఉండి, తరువాత ఎండి, మానునే అంటిపెట్టుకొని వేలాడుతుంది. మనిషి ఎక్కి కొట్టివేయాలి. కొట్టగా మిగిలిన మట్టలే మానుమీద మెట్లలాగ కనిపిస్తాయి.

ఖర్జూరపు చెట్టును చూడలేదే అని మీరు విచారించనక్కరలేదు. దాని చెల్లెలు మన ఊళ్లోనే ఉంది. అదే ఈతచెట్టు! శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ఫీనిక్సు అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. చెరువు గట్టుమీద ఈతచెట్టుకు వేలాడే పసుపుపచ్చ గెలను చూసినవారు ఖర్జూరపు గెలను సగం చూసినట్టే. ఈతకాయను తొందరపడి కొరికితే నాలుక మొద్దుబారి నోరంతా పిడచగట్టుకుపోతుంది. ఆ వగరు టానిన్లు అనే పదార్థాలది. ఖర్జూరంలోనూ అంతే. కాయ పండేకొద్దీ టానిన్లు నాలుకకు అంటని రూపంలోకి మారిపోయి తీపి పైకి తేలుతుంది. అరబ్బులు కాయ పెరిగే ప్రతి దశకూ వేరు వేరు పేర్లు పెట్టుకొన్నారు. పచ్చికాయ కిమ్రీ, పసుపో ఎరుపో రంగు తిరిగి గట్టిగా ఉన్నది ఖలాలు, మెత్తబడినది రుతబు, చెట్టుమీదే ఆరి ముడుతలు పడినది తమరు. మామిడిలో మనకు పిందె, కాయ, దోరకాయ, పండు ఉన్నట్టే అనుకోండి.

మరి అక్కడ అంత బాగా కాసే పండు ఇక్కడ ఎందుకు కాయదు? ఖర్జూరానికి కాళ్లు నీళ్లలోనూ తల నిప్పుల్లోనూ ఉండాలని అరబ్బుల సామెత. అనగా వేళ్లకు తడి తగలాలి, తలమీద మండే ఎండ ఉండాలి, గాలిలో చెమ్మ ఉండరాదు. మనకు సరిగా పండు మెత్తబడే వేళకు వానలు దిగుతాయి. అందుకే గుజరాతులోని కచ్ఛి రైతులు పండు గట్టిగా ఉన్న ఖలాలు దశలోనే, వానలు ముదరకముందే గెలలు కోసి అమ్ముకొంటారు.

ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఆడచెట్టే కాస్తుంది. మగచెట్టుకు పుప్పొడి మాత్రమే ఉంటుంది. గాలికి వదిలేస్తే ఆ పుప్పొడి కొంత ఆడపూలమీద పడవచ్చు, పడకపోవచ్చు. అందుచేత వేల ఏళ్లుగా రైతులు మగపూల రెమ్మలను కోసి, ఆడచెట్టు ఎక్కి, పూగుత్తుల మధ్య కట్టి వస్తున్నారు. ఇలా చేస్తే ఒక్క మగచెట్టు పుప్పొడి కొన్ని పదుల ఆడచెట్లకు సరిపోతుంది. తోటంతా మగచెట్లు పెంచి నీళ్లు దండుగ చేయనక్కరలేదు.

ఈ పనిని గురించి హదీసులలో ఒక ముచ్చట ఉంది. హదీసులంటే ప్రవక్తగారి మాటలనూ చేతలనూ తెలిపే గ్రంథాలు. మక్కా రాతినేల, అక్కడ తోటలు లేవు. ప్రవక్తగారు పుట్టి పెరిగింది అక్కడే. క్రీ. శ. 622లో ఆయన తోటల ఊరైన మదీనాకు వచ్చారు. అక్కడ కొందరు చెట్లెక్కి ఏదో చేస్తూండగా చూసి, ఏమిటని అడిగారు. మగపూలు ఆడపూలకు అందిస్తున్నారని తెలిసి, దానివల్ల ఏమీ ప్రయోజనం ఉండదనుకొంటాను అన్నారు. ఆ మాట విని రైతులు ఆ పని మానేశారు. ఆ ఏడు పంట చెడిపోయింది. సంగతి తెలిసి ఆయన ఏమన్నారనుకొన్నారు? అది తన ఊహ మాత్రమేననీ, మతవిషయం చెబితే పాటించండిగాని లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసుననీ అన్నారు. రైతులు మళ్లీ నిచ్చెనలు ఎక్కారు.

నాకు ఈ ముచ్చట అన్నింటికన్నా ఇష్టం. ఎంతో గౌరవించే గురువు, ఈ సంగతి నాకన్నా మీకు బాగా తెలుసు అని తోటమాలితో అనడం, ఆ మాటను శిష్యులు దాచకుండా రాసిపెట్టడం, రెండూ గొప్ప విషయాలే.

ఆడ మగ తేడాలో మరొక చిక్కు ఉంది. గింజ నాటితే ఏది మొలుస్తుందో ముందుగా చెప్పలేము. సుమారు సగం మగవి మొలుస్తాయి. దక్షిణ ఇస్రాయేలులో 2005వ సంవత్సరంలో ఒక వింత ప్రయోగం చేశారు. మసాదా అనే పాతకోట తవ్వకాలలో దొరికిన, ఇంచుమించు 2000 ఏళ్లనాటి ఖర్జూరపు గింజను నాటారు. అది మొలిచింది! మెతూసెలా అని పేరు పెట్టుకొని అపురూపంగా పెంచారు. తీరా పూత పూసేసరికి అది మగచెట్టని తేలింది. ఆ తరువాత అటువంటి మరో పాతగింజనుంచి ఆడచెట్టు మొలిచింది. మెతూసెలా పుప్పొడితో 2020లో దానికి పండ్లు కాశాయి. రైతు అంతకాలం కాచుకోలేడు గదా! అందుకే అరటికి మల్లే తల్లిచెట్టు మొదట వచ్చే పిలకలను వేరుచేసి నాటుతాడు. ఆడచెట్టు పిలక ఆడదే అవుతుంది. తల్లి పండు రుచే బిడ్డ పండుకూ వస్తుంది.

పిలకలనగానే సల్మాను కథ చెప్పాలి. సల్మాను పారశీక దేశస్థుడు. సత్యం తెలుసుకోవాలని ఇల్లు విడిచి ఊరూరూ తిరుగుతూ మోసపోయి బానిసగా అమ్ముడుపోయాడు. చివరకు మదీనాలో ఒక తోట యజమాని దగ్గర పడ్డాడు. ఆ తోటలో పనిచేస్తూండగానే ప్రవక్తగారి రాక విన్నాడు. తనకు విడుదల కావాలని అడిగితే యజమాని వెల చెప్పాడు: 300 ఖర్జూరపు చెట్లు నాటి బతికించాలి, దానిమీద 40 ఊకియాల బంగారం ఇవ్వాలి. బానిసకు అంత ఎక్కడిది? ప్రవక్తగారు, మీ సోదరునికి సాయపడండి, అని తనవారిని కోరారు. ఒకరు 30 పిలకలు తెచ్చారు, ఒకరు 20, ఒకరు 15, ఒకరు 10, ఎవరికి కలిగినన్ని వారు. సల్మాను గుంతలు తవ్వాడు. మిత్రులూ చేయి వేశారు. ప్రవక్తగారు వచ్చి ఒక్కొక్క పిలకనూ తన చేతులతో నాటారు. ఒక్కటైనా చావలేదని సల్మానే చెప్పినట్టు ఆ కథలో ఉంది. తరువాత బంగారం కూడా సమకూరి అతడు స్వేచ్ఛ పొందాడు.

ఒక మనిషి స్వేచ్ఛకు చెట్లు వెల అయిన ఊరు అది. అక్కడివారికి ఖర్జూరం పండు ఒక్కటే కాదు. మసీదు స్తంభాలు ఖర్జూరపు మానులు, కప్పు ఖర్జూరపు మట్టలు. చాపలూ బుట్టలూ ఆకులతోనే. గింజలు ఒంటెలకు మేత. ప్రవక్తగారి భార్య ఆయెషా, తమ ఇంట నెలల తరబడి పొయ్యి రాజేయకుండానే గడిచేదనీ, అప్పుడు ఖర్జూరాలూ మంచినీళ్లే ఆహారమనీ చెప్పుకొన్నారు.

ఆ ఆయెషా గారింటికి ఒకసారి ఒక పేదరాలు ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని వచ్చింది. ఆయెషా ఆమెకు మూడు ఖర్జూరాలు ఇచ్చారు. తల్లి పిల్లలకు చెరి ఒకటి ఇచ్చి మూడవది తాను తినబోయింది. నోటిదాకా పోయిన పండును పిల్లలు అది కూడా కావాలన్నారు. ఆమె దానిని రెండు చేసి ఇద్దరికీ పంచి, తాను ఏమీ తినలేదు. ఆయెషా ఈ సంగతి చెప్పగా, ఆ పనికే ఆమెకు స్వర్గం లభించిందని ప్రవక్తగారు అన్నారు. సగం ఖర్జూరం దానమిచ్చి అయినా నరకాగ్నినుంచి తప్పించుకోమని ఆయన చెప్పిన మాట కూడా ఒకటుంది. పండు చిన్నదయినకొద్దీ దానం పెద్దదవుతుందేమో, ఆ లెక్క నాకు బడిలో ఎవరూ నేర్పలేదు.

పదిమందితో కలిసి తినేటప్పుడు, తోటివారి అనుమతి లేకుండా రెండేసి ఖర్జూరాలు ఒక్కసారిగా తీసుకోరాదన్న నియమం కూడా ఉంది. అన్నదమ్ములున్న ఇళ్లలో ఈ నియమం పెద్ద అక్షరాలతో గోడమీద రాసి అంటించవచ్చు.

ఇక లెక్క అంటే ఇష్టమున్నవారికి ఒకటి. పంట కోసిన నాడే అందులో ఇవ్వవలసిన భాగం ఇచ్చివేయమనీ, వృథా చేయవద్దనీ ఖురాను చెబుతుంది. ఎంత ఇవ్వాలో హదీసులలో ఉంది. వానవల్లనో ఊటవల్లనో పండిన తోటకు పదోవంతు. పశువులతో నీళ్లు తోడి పండిస్తే ఇరవయ్యోవంతు. ఎందుకీ తేడా? కష్టం ఎక్కువైనచోట భారం సగానికి తగ్గించారన్నమాట. 1000 కిలోలు పండిన ఇద్దరు రైతులలో ఒకడు 100 కిలోలు, రెండోవాడు 50 కిలోలు ఇస్తాడు. మరీ కొద్దిగా పండినవాడు ఇవ్వనే అక్కరలేదు. ఆ హద్దు 5 వసకులు. ఒక వసకు 60 సాలు. ఒక సా అంటే సుమారు 4 దోసిళ్లు. హద్దు ఎన్ని దోసిళ్లో మీరే గుణించి చూడండి. 1200 వచ్చిందా? సరే.

రంజాను నెలలో సూర్యాస్తమయం కాగానే ముస్లిములు ఖర్జూరంతో ఉపవాసం విడవడం మీరు చూసే ఉంటారు. ప్రవక్తగారు నమాజుకు ముందు కొన్ని మెత్తని ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండినవాటితో, అవీ లేకపోతే నాలుగు గుక్కల నీళ్లతో ఉపవాసం విడిచేవారు. మన హైదరాబాదులో ఆ ఉపవాసం, కాలాన్నిబట్టి, 12 గంటలకు పైనే ఉంటుంది. వేసవిలో 14 గంటలు కూడా దాటుతుంది. మంచినీళ్లు కూడా తాగరు.

అంతసేపు తినకపోతే ఒంట్లో ఏం జరుగుతుంది? మెదడుకు ముఖ్యమైన మేత గ్లూకోజు అనే చక్కెర. భోజనం లేని వేళకోసం మన కాలేయం సుమారు 100 గ్రాముల చక్కెరను గ్లైకోజెను రూపంలో కొట్లో దాచుకొని కొంచెం కొంచెంగా వదులుతుంది. సాయంత్రానికి ఆ కొట్టు చాలావరకు ఖాళీ అవుతుంది. అప్పుడు అన్నమో రొట్టెయో తింటే అందులోని పిండిపదార్థం విడివడి చక్కెరగా మారడానికి కొంత సమయం కావాలి. ఖర్జూరంలోని తీపి చాలావరకు ముందే విడివడిన గ్లూకోజూ ఫ్రక్టోజూ. కనుక తొందరగా రక్తంలో కలుస్తుంది. రెండు మూడు పండ్లు తిని నీళ్లు తాగి నమాజుకు లేచేసరికి ఆకలి మంట కాస్త తగ్గుతుంది. భోజనంమీద విరుచుకు పడరు. ఇఫ్తారు అనగానే హలీమూ బజ్జీలూ గుర్తొచ్చేవారు ఈ చిన్న విరామం ఎంత తెలివైనదో ఆలోచించాలి.

100 గ్రాముల మెత్తని ఖర్జూరంలో చక్కెరలు సుమారు 65 గ్రాములు, పీచు 7 గ్రాములు, పొటాషియం 650 మిల్లీగ్రాములకు పైన ఉంటాయి. శక్తి సుమారు 280 కెలోరీలు. ఇంత తీపి ఉండబట్టే పండు నెలల తరబడి కుళ్లదు. పాకంలో వేసిన ఉసిరికాయ పాడవనట్టే, చక్కెర ఎక్కువై నీరు తక్కువైనచోట సూక్ష్మజీవులు బతకలేవు. ఎడారిలో ఒంటెమీద పోయే బాటసారికి ఇంతకన్నా మంచి చద్దిమూట ఏముంటుంది?

కాని ఖర్జూరం తింటే రక్తం పడుతుందని మన ఇళ్లలో చెప్పుకొనే మాటను కొంచెం తగ్గించి నమ్మాలి. మెద్జూలు వంటి మెత్తని రకంలో 100 గ్రాములకు ఇనుము ఇంచుమించు 1 మిల్లీగ్రామే. బడిపిల్లలకు రోజుకు కావలసింది 10 మిల్లీగ్రాములకు పైనే. ఆ లోటు ఖర్జూరంతో తీర్చబోతే ముందు పళ్లు పుచ్చుతాయి. రక్తం తక్కువని వైద్యుడు చెబితే ఆయన ఇచ్చిన మందు వాడాలి. ఇంట్లో పప్పూ, ఆకుకూరా, వాటితోపాటు నిమ్మరసమో ఉసిరికాయో తినాలి. పులుపులో ఉండే సి విటమిను, కూరలోని ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది.

తాతగారికి చక్కెర వ్యాధి ఉన్న ఇళ్లవారికి ఒక మాట. పెద్ద మెద్జూలు పండు ఒక్కటే సుమారు 24 గ్రాములు తూగుతుంది. అందులో చక్కెర 16 గ్రాములు, అంటే మూడు చెంచాలకు తక్కువ కాదు. మూడు పండ్లు పుచ్చుకొంటే పదిచెంచాలు. ఎన్ని తినవచ్చునో, అసలు ఉపవాసం ఉండవచ్చునో లేదో, రంజాను రాకముందే వైద్యుణ్ణి అడగాలి. భక్తి ఉన్న పెద్దలు ఈ మాట చెబితే నొచ్చుకోవడం నేను చూశాను. కాని రోగులకూ ప్రయాణంలో ఉన్నవారికీ ఉపవాసంనుంచి మినహాయింపు ఇచ్చింది ఖురానే. చిన్నపిల్లలకైతే అది విధి కానే కాదు. ప్రవక్తగారు ఖర్జూరాన్ని ఒంటరిగా కాక, ఒక్కొక్కప్పుడు దోసజాతి కాయతోనో పుచ్చతోనో కలిపి తినేవారని కూడా చెబుతారు. పుచ్చ చలువ ఖర్జూరపు వేడిని సరిచేస్తుందని దానికి కారణం చెప్పారు. తీపితోపాటు నీరున్న కాయ తింటే కడుపు త్వరగా నిండి ఖర్జూరాల లెక్క తనంతట తగ్గుతుంది.

ఇక మీకొక పని. ఈసారి ఖర్జూరం తిన్నప్పుడు గింజను పారేయకుండా కడిగి దీపం దగ్గర పట్టుకొని చూడండి. ఒకవైపు పొడుగునా చాలు ఉంటుంది. ఆ చాలులో సన్నని దారంలాంటిది దొరుకుతుంది. దానిని అరబ్బీలో ఫతీలు అంటారు. గింజను చుట్టి ఉల్లిపొరలాగ పలుచని పొర ఉంటుంది. అది కిత్మీరు. చాలుకు వెనుకవైపు సూదితో పొడిచినట్టు చిన్న గుండ్రని చుక్క కనిపిస్తుంది. అది నకీరు. దేవుడు ఎవరికీ పిసరంత అన్యాయమైనా చేయడని చెప్పవలసిన చోట ఖురాను ఈ ఫతీలునూ నకీరునూ కొలతలుగా వాడింది. కిత్మీరు కూడా ఇలాగే అతి స్వల్పానికి గుర్తుగా వస్తుంది. మనం ఆవగింజంత అన్నట్టు.

చూశాక గింజను రెండు రోజులు నీళ్లలో నానబెట్టండి. రోజూ నీళ్లు మార్చాలి. తరువాత ఇసుక కలిపిన మట్టిలో అంగుళం లోతున నాటి తడి ఆరకుండా చూడండి. కొన్ని వారాలు పడుతుంది, తొందరపడి తవ్వి చూడవద్దు. మొలక వచ్చేది సరిగా ఆ నకీరు చుక్కనుంచే. అది ముందు వేరులాగ కిందికి దిగి, కొంత దూరం పోయి, అక్కడినుంచి గడ్డిపరకలాంటి ఒక్క ఆకును పైకి పంపుతుంది. అది ఆడదో మగదో తెలియడానికి ఇంకా నాలుగైదేళ్లయినా ఆగాలి.